వేలిముద్ర పెట్టాలా, వద్దా? ఒకప్పటి బ్యాంకు బీసీ (బిజినెస్ కరస్పాండెంట్) ఆపరేటర్ జవాబు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మాది రాజోలు దగ్గర పల్లెటూరు, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా వీధిలో ఒకావిడ ఖాతాలో డబ్బులు వేలిముద్రతో ఎవరో లాగేశారట. అప్పటినుంచి మా అమ్మ రేషన్ మిషన్ మీద కూడా వేలు పెట్టనంటోంది. ఆధార్ లాక్ చేస్తే పింఛను ఆగిపోతుందా? అసలు మన వేలిముద్రలు ప్రభుత్వం దగ్గర భద్రంగా ఉన్నాయా? మా అబ్బాయి స్కూల్లో హాజరుకి కూడా వేలిముద్ర అడుగుతున్నారు, ఇవ్వాలా?"

మీ అమ్మగారి భయం ఉత్తిది కాదండి. కాకపోతే ఆవిడ తప్పు మిషన్‌ని చూసి భయపడుతున్నారు.

ముందు నేనెవరో చెప్పుకోవాలి, లేకపోతే ఈయనకేం తెలుసు అనుకుంటారు. ఆధార్ కొత్తలో కోనసీమ ఊళ్లలో పెట్టిన క్యాంపుల్లో నమోదు ఆపరేటర్‌గా చేశాను. తర్వాత చాలా ఏళ్లు ఒక బ్యాంకు తరఫున బీసీ పాయింట్ నడిపాను, అంటే ఆధార్ నంబరు, వేలిముద్ర తీసుకుని ఖాతాలో డబ్బు వేయడం, తీసివ్వడం. ఇప్పుడు కొత్తగా పాయింట్లు పెట్టుకునే కుర్రాళ్లకి పని నేర్పిస్తుంటాను. కాబట్టి పేపర్లో చదివినదానికంటే కౌంటర్ వెనక కూర్చుని చూసిందే ఎక్కువ చెప్తాను.

రేషన్ మిషన్ సంగతి మొదట తేల్చేద్దాం. డీలరు దగ్గర ఈపాస్ మిషన్ మీద వేలు పెడితే అది అడిగేది ఒక్కటే, ఈ నంబరు మనిషి ఈవిడేనా అని. వేలి గుర్తులు ఎవరూ చదవలేని రూపంలోకి మారి ఆధార్ సంస్థ సర్వర్‌కి వెళ్తాయి, అక్కడ నమోదప్పుడు దాచిన గుర్తులతో పోల్చి అవును అనో కాదు అనో జవాబు వస్తుంది, అంతే. డీలరు దగ్గర వేలిముద్ర మిగలదు. మిగలకూడదని చట్టంలోనూ ఉంది, 2016 ఆధార్ చట్టం 29వ సెక్షన్ ప్రకారం ఎవరి వేలిముద్ర, కనుపాప వివరాలనూ ఏ కారణం చెప్పీ ఎవరికీ ఇవ్వకూడదు. బియ్యానికి పెట్టిన వేలితో బ్యాంకులో డబ్బు పోవాలంటే, ఆ మిషన్ పక్కన ఇంకో మిషన్ పెట్టి "ఇందులో కూడా ఒకసారి పెట్టు మామ్మా" అనే మనిషి ఉండాలి. అలాంటివాళ్లు ఉన్నారు, వాళ్ల సంగతికి తర్వాత వస్తాను.

మరి మీ వీధిలో ఆవిడ డబ్బులు ఎలా పోయి ఉంటాయి? బీసీ పాయింట్‌లో నడిచే పద్ధతిని ఏఈపీఎస్ అంటారు, ఆధార్ ఎనేబుల్డ్ పేమెంట్ సిస్టమ్ అని. దానికి కావలసినవి మూడే: ఏ బ్యాంకు, ఆధార్ నంబరు ఎంత, వేలు. పిన్ లేదు, ఓటీపీ లేదు, కార్డు లేదు. ఒక్కోసారికి 10,000 రూపాయల వరకు తీయొచ్చు. ఇందులో బ్యాంకు పేరు ఊళ్లో ఎవరికైనా తెలుసు, ఆధార్ నంబరు ఎన్ని జిరాక్సు షాపుల్లో, ఎన్ని దరఖాస్తుల్లో పడి ఉందో ఆ దేవుడికే తెలియాలి. కాబట్టి మొత్తం బరువు వేలి మీద పడింది. ఆ వేలిముద్రేమో మనం ముట్టుకున్న ప్రతి గ్లాసు మీదా ఉంటుంది. 2002లోనే జపాన్‌లో మత్సుమోతో అనే పరిశోధకుడు జెలటిన్‌తో చేసిన దొంగ వేళ్లతో అప్పటి స్కానర్లని బోల్తా కొట్టించి చూపించాడు. స్కానర్లు అప్పటికీ ఇప్పటికీ చాలా మారాయి. 2023 ఫిబ్రవరి నుంచి ఆధార్ సంస్థ కూడా వేలి గీతలతో పాటు వేలి బొమ్మని చూసి అది ప్రాణమున్న వేలా, అతికించిన తొక్కా అని తేల్చే పద్ధతి తెచ్చింది. మంచిదే. అయినా పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలు పోతే ఏం మార్చుకుంటాం అన్న ప్రశ్న ఎక్కడికీ పోలేదు.

నాకు బాగా కోపం తెప్పించే విషయం ఇంకోటి ఉంది. వేలిముద్ర మీరు ఎవరో చెప్తుంది. మీరు ఒప్పుకున్నారని చెప్పదు. మన వ్యవస్థ మాత్రం ఈ రెండూ ఒకటే అన్నట్టు నడుస్తోంది. మీరు 500 తీయమన్నారా, 5,000 తీయమన్నారా అన్నది వేలికి తెలీదు, స్క్రీన్ మీద ఆపరేటర్ కొట్టిన అంకెకే తెలుసు. ఆ స్క్రీన్ ఆపరేటర్ వైపు తిరిగి ఉంటుంది.

పాతకాలంలో మనవాళ్లు వేలిముద్ర వేయలేదా అంటే వేశారు, బోలెడన్నిసార్లు వేశారు. ప్రోనోటు మీద, కౌలు కాగితం మీద, భాగపంపకాల మీద. అప్పుడు ఏం జరిగేదో గుర్తు చేసుకోండి. రాసినాయన కాగితం పైకి చదివి వినిపించేవాడు, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టేవారు, కింద దస్తూరి ఫలానా అని ఆయన పేరు ఉండేది, అప్పుడు సిరా అద్ది బొటనవేలు వేయించేవారు. రేపు గొడవైతే నలుగురు మనుషులు ఉన్నారు. 1858లో బెంగాల్‌లో జంగీపూర్ దగ్గర విలియం హెర్షెల్ అనే దొర రోడ్డు కాంట్రాక్టరు చేత అరచేతి ముద్ర వేయించుకున్నది కూడా తర్వాత అతను కాదనకుండా ఉండటానికే, అయితే అది కూడా రాసిన ఒప్పందం వెనకాల వేసిన ముద్ర. మిషన్ వచ్చాక చదివి వినిపించేవాడు పోయాడు, సాక్షులు పోయారు, ముద్ర ఒక్కటే మిగిలింది. ఇంట్లో పెద్దవాళ్లకి మిషన్ అంటే గుబులు ఎందుకని వాళ్లని తెలివితక్కువవాళ్ల కింద చూడకండి, కాగితం చదవకుండా వేలు వెయ్యొద్దని వాళ్ల నాన్నలు చెప్పిన మాటే వాళ్లు పాటిస్తున్నారు.

సరే, దొంగలకి వేళ్లు ఎక్కడ దొరికాయి? చాలామంది ఆధార్ సర్వర్‌లోంచి అనుకుంటారు. ఆ పెద్ద నిల్వలోంచి వేలిముద్రలు బయటికొచ్చాయని ఇప్పటిదాకా రుజువు కాలేదు. దొరికింది మన రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లో. 2001లో రిజిస్ట్రేషన్ చట్టానికి 32ఏ సెక్షన్ చేర్చారు, కొనేవాళ్లవీ అమ్మేవాళ్లవీ ఫొటోలు, వేలిముద్రలు దస్తావేజుకి జోడించాలని. ఉద్దేశం మంచిదే, దొంగ రిజిస్ట్రేషన్లు ఆపడానికి. తర్వాత దస్తావేజులన్నీ స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు, అదీ మంచికే. ఇంతలో అవే కాగితాల్లో ఆధార్ నంబర్లు కూడా చేరాయి. ఇంకేముంది, శుభ్రంగా సిరాతో వేసిన వేలిముద్రలు, పక్కనే నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, అన్నీ ఒకే కాగితంలో. 2018లో తెలంగాణలో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒక కుర్రాడు ఇలా దస్తావేజుల్లోంచి తీసిన ముద్రలతో రబ్బరు స్టాంపులు చేసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా అయితే మన ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల వెబ్‌సైట్ నుంచే దస్తావేజులు దించుకుని, దొంగ వేళ్లు చేసి, ఏఈపీఎస్‌లో డబ్బులు లాగింది.

ఇది చదివి మన డెల్టా వాళ్లు ఇంకాస్త జాగ్రత్తపడాలి. చేలు చెరువులయ్యాక భీమవరం, ఆకివీడు వైపు, ఇటు మలికిపురం దాకా ఎన్ని అమ్మకాలు, ఎన్ని లీజులు, ఎన్ని తనఖాలు రిజిస్టర్ అయ్యాయో మీకు తెలిసిందే. ఎవరి పేరున ఎకరం చేతులు మారినా వాళ్ల వేళ్లు ఒక కాగితం మీద ఉన్నట్టే. మీ అమ్మగారు ఎప్పుడైనా పుట్టింటి భాగం అమ్మి సంతకం పెట్టారా? పెట్టి ఉంటే ఆవిడ ఖాతాకి లాక్ వేసుకోవడం రేషన్ మానేయడం కంటే చాలా ముఖ్యం.

ఇప్పుడు రెండో రకం మోసం, ఇదే నేను ఎక్కువ చూసింది. దీనికి దొంగ వేలు అక్కర్లేదు, నిజమైన వేలే చాలు. ఒక పెద్దావిడ వస్తుంది, పింఛనులో దాచుకున్నది వెయ్యి రూపాయలు కావాలంటుంది. ఆపరేటర్ వెయ్యి కొడతాడు, వేలు పెట్టిస్తాడు, స్కానర్ కింద ఎర్ర లైటు వెలిగి ఆరుతుంది. లావాదేవీ అయిపోయింది, స్క్రీన్ మీద వచ్చేసింది. అతను మాత్రం మొహం చిట్లించి "పడలేదు మామ్మా, నీ వేళ్లు అరిగిపోయాయి, ఇంకో వేలు పెట్టు" అంటాడు. ఈసారి ఇంకో వెయ్యి కొడతాడు. మళ్లీ పెట్టిస్తాడు. ఆవిడకి వెయ్యి ఇచ్చి పంపిస్తాడు. స్లిప్పు అడిగితే పేపర్ రోల్ అయిపోయిందంటాడు. ఫోన్‌కి మెసేజ్ వస్తుంది కదా అంటారేమో, ఆ నంబరు కువైట్ వెళ్లిన కూతురిది, అక్కడికెళ్లాక రీఛార్జ్ లేక చచ్చిపోయిన సిమ్. కొందరైతే బాలెన్స్ చూద్దామని చెప్పి వేలు పెట్టించుకుని డబ్బు తీసేస్తారు. నేను పని నేర్పిన కుర్రాళ్లలో నూటికి తొంభై మంది నిజాయితీగా, తక్కువ కమీషన్‌కి పొద్దుట్నుంచి రాత్రిదాకా కూర్చునేవాళ్లే, అందరినీ ఒకే గాటన కట్టొద్దు. కానీ ఆ మిగతావాళ్ల పని ఇంత తేలికగా సాగడానికి కారణం, "వేలు పడటం లేదు" అన్న మాట మన ఊళ్లలో నిజంగానే రోజూ వినిపించేది కావడం.

ఎందుకంటే మన దగ్గర వేళ్లు నిజంగానే అరిగిపోతాయి. కొబ్బరి డొక్కలు నానబెట్టి పీచు తీసే ఆడవాళ్ల వేళ్లు ఎప్పుడైనా దగ్గరగా చూశారా? చివర్లు నున్నగా ఉంటాయి, గీతలుండాల్సిన చోట సన్నటి కోతలుంటాయి. రొయ్యల షెడ్డులో తలలు తీసేవాళ్లు ఐసు నీళ్లలో చేతులు పెట్టి పెట్టి, షిఫ్ట్ అయ్యాక వస్తే వేళ్లు తెల్లగా నాని ముడతలు పడి ఉంటాయి, సాయంత్రం అస్సలు పడవు, పొద్దున్న వస్తే పడతాయి. ఊడుపుల రోజుల్లో బురద, ఎరువుల వల్ల ఇదే గొడవ. ఆపరేటర్లం మేం చేసే చిట్కాలు ఉన్నాయి. గోరువెచ్చటి నీళ్లతో కడిగించి, పొడి గుడ్డతో తుడిపించి, మరీ ఎండిపోయి ఉంటే నుదుటి మీద ఒకసారి వేలు రుద్దమంటాం, ఆ కాస్త జిడ్డుకి గీతలు తేలతాయి. చాలామందికి బొటనవేలు, చూపుడువేలు పనికిరావు, పనిలో ఎక్కువ వాడేవి అవే కదా. ఉంగరపు వేలు మొదట పెట్టి చూడండి. స్కానర్ అద్దం తుడవకుండా ముందు మనిషి చెమట మీదే పెట్టించినా పడదు, అది మనిషి తప్పు కాదు, ఆపరేటర్ బద్ధకం.

ఎంత చేసినా పడనివాళ్లు కొందరు ఉంటారు. క్యూలో అందరి ముందూ ఒక పెద్దావిడ పది వేళ్లూ ఒక్కొక్కటే పెట్టి, "నా వేలు నన్నే కాదంటోందా బాబూ" అని నవ్వేసి వెళ్లిపోయింది. బియ్యం తీసుకోలేదు. ఇలాంటప్పుడు బియ్యం ఆపే హక్కు ఎవరికీ లేదండి. 2018 తీర్పులో సుప్రీంకోర్టు వేలిముద్ర సరిపోలలేదన్న సాకుతో అర్హుడికి సాయం ఆపకూడదని స్పష్టంగా చెప్పింది. కనుపాపతోనో ముఖంతోనో చూడాలి, అదీ కుదరకపోతే విఆర్వో ద్వారానో సచివాలయం ద్వారానో ఇప్పించాలి. డీలరు కాదంటే గొడవపడకుండా "పడలేదని కాగితం మీద రాసివ్వండి" అని అడగమనండి. రాసివ్వమంటే చాలాసార్లు వేరే దారి దొరుకుతుంది.

ఇక లాక్ సంగతి. ఆధార్ సంస్థ యాప్‌లో గానీ మైఆధార్ వెబ్‌సైట్‌లో గానీ బయోమెట్రిక్ లాక్ ఉంటుంది. అది వేస్తే వేలు, కనుపాప, ముఖం మూడూ మూతబడతాయి, ఎవరు ఎంత మంచి దొంగ వేలు తెచ్చినా పని చేయదు. మీ ప్రశ్నకి జవాబు: అవును, లాక్ తీయకపోతే పింఛను ఇచ్చేవాళ్ల మిషన్‌లో కూడా ఆవిడ వేలు పడదు. కానీ తాత్కాలికంగా తెరిచే వీలుంది, తెరిస్తే పది నిమిషాల్లో మళ్లీ దానంతటదే మూసుకుంటుంది. హైదరాబాద్‌లో ఉండి కూడా మీరు చేయగలరు, ఆధార్‌కి లింకైన ఫోన్‌కి వచ్చే ఓటీపీ ఆవిడ మీకు చదివి చెప్పాలి అంతే. మొదటి తారీఖు పొద్దున్నే సచివాలయం వాళ్లు వీధిలోకి రాగానే ఫోన్ చేయమనండి. ఇక్కడే ఒక చిక్కు ఉంది, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని అందరూ ఆవిడకి నూరిపోసి ఉంటారు, మీరేమో చెప్పమంటున్నారు. కొడుకు తనే ఫోన్ చేసి అడగడు, అమ్మే ముందు కొడుక్కి చేస్తుంది, ఓటీపీ ఆ ఫోన్‌లోనే చెప్తుంది అని నియమం పెట్టుకోండి. ఎవరైనా "మీ అబ్బాయిని మాట్లాడుతున్నా" అని ఫోన్ చేస్తే కట్ చేసేయాలి.

ఇదంతా కుదరని ఇళ్లు చాలా ఉంటాయి, అప్పుడు ఇంకో దారి. రేషన్, పింఛను, వచ్చే డబ్బుల కోసం ఆధార్ ఉన్న ఖాతా ఒకటి ఉంచి అందులో ఖర్చుకి సరిపడా మాత్రమే పెట్టండి. మిగతాది ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసేయండి, లేదా ఆధార్ ఇవ్వని ఇంకో బ్యాంకు ఖాతాలో ఉంచండి, ఏఈపీఎస్ దాని జోలికి పోలేదు. కొన్ని బ్యాంకులు అడిగితే ఆ ఖాతాలో ఏఈపీఎస్ పూర్తిగా ఆపేస్తాయి, బ్రాంచికి వెళ్లి కాగితం మీద రాసిచ్చి, రసీదు వేయించుకోండి, నోటిమాట వద్దు. బ్యాంకులో ఉన్న ఫోన్ నంబరు బతికున్నదో లేదో మొదట చూడండి. మైఆధార్‌లో గత ఆరు నెలల్లో ఆవిడ వేలు, ఓటీపీ ఎక్కడెక్కడ వాడారో చరిత్ర కనిపిస్తుంది, తేదీ, సమయం, ఏ సంస్థ అన్నీ. ఒకసారి తీసి చూడండి, రేషనూ పింఛనూ కాని తేదీ ఏదైనా కనిపిస్తే అక్కడ ఆగాలి.

మీ వీధిలో డబ్బు పోయిన ఆవిడకి కూడా ఇది చెప్పండి, చాలామందికి తెలీదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకి రాతపూర్వకంగా ఇవ్వాలి. రిజర్వ్ బ్యాంకు 2017 జులై నిబంధన ప్రకారం, తప్పు ఖాతాదారుదీ బ్యాంకుదీ కాకుండా మధ్యలో ఎవరిదో అయినప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేస్తే ఖాతాదారు ఒక్క రూపాయి నష్టం భరించక్కర్లేదు. నాలుగు నుంచి ఏడు రోజులైతే నష్టానికి ఒక పరిమితి ఉంటుంది. తప్పు మీదేనని రుజువు చేయాల్సింది బ్యాంకే, మీరు కాదు. మేనేజరు "నీ వేలే కదా పడింది, మేమేం చేస్తాం" అంటాడు, అనడం సహజం. ఈ నిబంధన పేరు చెప్పండి. ముప్పై రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పెట్టొచ్చు. ఇంకోటి, డబ్బు ఖాతాలో కట్ అయి చేతికి రాకపోతే ఐదు రోజుల్లో తిరిగి పడాలి, దాటితే రోజుకి 100 రూపాయలు అదనంగా ఇవ్వాలి, ఇది 2019 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన రూలు. కౌంటర్ దగ్గర అడిగేవాళ్లు అరుదు, అందుకే ఇచ్చేవాళ్లూ అరుదు.

"ప్రభుత్వం దగ్గర భద్రంగా ఉన్నాయా" అన్నారు. వేలిముద్రల నిల్వ గురించి పైన చెప్పాను. మిగతా వివరాల విషయంలో మాత్రం ప్రభుత్వాలు నమ్మకాన్ని తామే పోగొట్టుకున్నాయి, ఏ పార్టీ అని అడక్కండి, అందరి హయాంలోనూ జరిగింది. 2018 ఏప్రిల్‌లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షమందికి పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, కులం, మతంతో సహా ఎవరికైనా కనిపించేలా ఉండిపోయాయి. ఇల్లు కోసం దరఖాస్తు పెట్టినవాళ్లని కులాన్ని బట్టి వెతికే జాబితాగా తయారు చేసి పెట్టారన్నమాట. అందులో ఒక్కరికైనా ఉత్తరం రాసి, అమ్మా మీ వివరాలు బయటపడ్డాయి జాగ్రత్త అని చెప్పినట్టు నాకు తగల్లేదు. దొంగతనం కంటే ఈ చెప్పకపోవడమే జనానికి ఎక్కువ గుచ్చుకుంటుంది. అమెరికాలో 2015లో ప్రభుత్వ ఉద్యోగుల వివరాలుండే కార్యాలయం నుంచి దాదాపు 56 లక్షల మంది వేలిముద్రలు దొంగలు ఎత్తుకుపోయారు, అక్కడ కనీసం ఆ సంఖ్యని వాళ్లే బయటికి ఒప్పుకున్నారు.

కోర్టు మాటకొస్తే, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి గారు 2012లో వేసిన కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చారు. మరుసటి ఏడాది సెప్టెంబరు 26న ఐదుగురి ధర్మాసనం నలుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా ఆధార్‌ని నిలబెట్టింది, కానీ హద్దులు గీసింది. రేషన్, పింఛను లాంటి ప్రభుత్వ సాయానికి, పాన్‌కి అడగొచ్చు. సిమ్‌కీ బ్యాంకు ఖాతాకీ తప్పనిసరి అనకూడదు, ప్రైవేటు కంపెనీలు ఇష్టం వచ్చినట్టు వాడుకోకూడదు. 2019లో చట్టం సవరించి బ్యాంకులకీ ఫోన్ కంపెనీలకీ మనిషి ఇష్టపడితే వాడుకునే వీలు ఇచ్చారు. ఆ "ఇష్టపడితే" అన్నది కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి "లేకపోతే పని అవ్వదు" అయిపోతుంది, అది వేరే కథ. లాడ్జిలో, జిమ్‌లో, కంతుల మీద ఫోను అమ్మే షాపులో వేలు పెట్టమంటే నిస్సంకోచంగా వద్దనొచ్చు. ఆధార్ కాపీ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, మైఆధార్‌లో ఉచితంగా దిగుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆధార్ వల్ల మేలు జరగలేదని నేను అనను. వేరేవాళ్ల పేరున బియ్యం తీసుకుని అమ్ముకున్న కార్డులు మా ఊళ్లో నేను కళ్లారా చూశాను, మిషన్ వచ్చాక అవి ఆగాయి. పింఛను కోసం మండల ఆఫీసు చుట్టూ తిరిగిన ముసలివాళ్లకి ఇప్పుడు గుమ్మం దగ్గరే డబ్బు చేతిలో పడుతోంది. కోనసీమ వాళ్లకి వేలిముద్ర గొప్ప ఆధార్ కంటే ముందే తెలుసు, గల్ఫ్ నుంచి వెనక్కి పంపేసిన మనిషి పేరు మార్చుకుని కొత్త పాస్‌పోర్టుతో వెళ్తే విమానాశ్రయంలో వేలు పెట్టించి మళ్లీ ఎక్కించేశారని ఇంటింటా ఒక కథ ఉంటుంది. దొంగని పట్టే విషయంలో వేలికి వంక పెట్టలేం. నా గొడవల్లా సొంతదారుకి అది రక్షణ ఇవ్వకుండా బాధ్యత మాత్రం మోపడం గురించి. 10,000 తీసేటప్పుడు వేలుతో పాటు ఫోన్‌కి ఒక ఓటీపీ అడిగితే, స్క్రీన్ ఖాతాదారు వైపు తిప్పితే, అంకెని తెలుగులో పైకి చదివే గొంతు పెడితే, సగం మోసాలు పుట్టవు. మిషన్‌లో మాట్లాడే సదుపాయం పెట్టడం పెద్ద విద్యేమీ కాదు. ఓటీపీ అంటే ఫోన్ లేనివాళ్ల మాటేమిటంటారు, న్యాయమే, వాళ్లకి ఇంట్లో ఒకరిని సాక్షిగా నమోదు చేసుకునే వీలు పెట్టొచ్చు, పాత ప్రోనోటు చేసిన పని అదే కదా.

అంతవరకు మీ అమ్మగారికి ఫోన్‌లో ఇది చెప్పండి: బియ్యానికి, పింఛనుకి వేలు పెట్టొచ్చు. డబ్బులు తీసే చోట మాత్రం పేపర్ రోల్ లేదంటే వేలు వెనక్కి తీసేసుకోవాలి. "పడలేదు" అంటే, పడలేదన్న స్లిప్పు చూపించాకే రెండోసారి పెట్టాలి, ఎందుకంటే ఫెయిలైనా మిషన్ స్లిప్పు ఇస్తుంది. నెలకోసారి పాస్‌బుక్ ఎంట్రీ వేయించుకోవాలి. ఇంటికి వచ్చి "పథకం కోసం" అని వేలు అడిగే ఏ మనిషికీ పెట్టకూడదు, సచివాలయం ఉద్యోగి అయితే ఆఫీసులోనే పెడతానని చెప్పాలి, పింఛను రోజు తప్ప.

మీ అబ్బాయి స్కూలు విషయం. అది ఆధార్ మిషన్ కాదు, ఇది చాలామంది కలిపేస్తారు. గోడకి తగిలించే ఆ హాజరు మిషన్ ఆధార్ సంస్థని అడగదు, పిల్లల వేలి గుర్తుల్ని తన దగ్గరే, లేదా దాన్ని అమ్మిన కంపెనీ సర్వర్‌లో దాచుకుంటుంది. చాలా చోట్ల దాని అడ్మిన్ పాస్‌వర్డ్ డబ్బాలోంచి తీసినప్పుడు ఉన్నదే ఉంటుంది, ఎవరూ మార్చరు. 2019లో బయోస్టార్ 2 అనే సాఫ్ట్‌వేర్‌లో ఇలాగే దాచిన పది లక్షల మందికి పైగా వేలిముద్రలు ఇంటర్నెట్‌లో తాళం లేకుండా పడి ఉన్నాయని పరిశోధకులు కనిపెట్టారు. పెద్దవాళ్ల వేలిముద్ర పోతే మిగిలిన ఆయుష్షుకి బాధ, ఎనిమిదేళ్ల పిల్లాడిది పోతే ఎన్నేళ్లో లెక్క వేసుకోండి.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు పెట్టారు. గడువు ఉంది కదా అని ఊరుకోనక్కర్లేదు, ఇప్పుడే అడగొచ్చు. హెడ్మాస్టరుకి నాలుగు ముక్కలు రాయండి: మిషన్ ఏ కంపెనీది, వేలి గుర్తులు ఎక్కడ దాస్తున్నారు, పిల్లాడు టీసీ తీసుకున్నాక చెరిపేస్తారా, చెరిపినట్టు కాగితం ఇస్తారా. కింద, ఈ జవాబులు వచ్చేదాకా మా అబ్బాయి హాజరు రిజిస్టర్‌లో వేయగలరు అని రాయండి. నేను చూసినంతలో ఈ ఉత్తరం వెళ్లిన స్కూళ్లు రిజిస్టరే తెరుస్తాయి, ఎందుకంటే ఆ నాలుగు ప్రశ్నలకి జవాబు మిషన్ అమ్మినవాడి దగ్గర కూడా ఉండదు. ఉత్తరం నకలు ఒకటి స్కూలు ముద్ర వేయించి మీ దగ్గర పెట్టుకోండి.